అరబ్బు - భారత ఉపఖండ వలసవాద వ్యతిరేక మేధావుల భావ వినిమయం

అరబ్బు - భారత ఉపఖండ వలసవాద వ్యతిరేక మేధావుల భావ వినిమయం అనగా 19వ శతాబ్దపు చివరి భాగం నుండి 20వ శతాబ్దపు మధ్య భాగం వరకు ఈజిప్టు, ఇరాక్, సిరియా, పాలస్తీనా మొదలైన అరబ్బు దేశాల ఆలోచనాపరులకూ, భారత ఉపఖండపు ఆలోచనాపరులకూ నడుమ పత్రికలు, గ్రంథాలు, అనువాదాలు, యాత్రలు, సమావేశాల ద్వారా జరిగిన ఆలోచనల రాకపోకలు. ఈ రెండు ప్రాంతాలలో అధిక భాగం ఒకే సామ్రాజ్యపు పట్టులో ఉండుట వలన ఒకచోట పుట్టిన ఆలోచన మరొకచోట త్వరగా వ్యాపించినది. ఈ సంబంధాలలో సానుభూతితో పాటు తీవ్రమైన అభిప్రాయభేదాలు కూడా ఉన్నాయి. ముఖ్యముగా ఖిలాఫత్ విషయంలోను, భారత విభజన విషయంలోను ఇరుపక్షాల అభిప్రాయాలు ఎల్లప్పుడూ కలవలేదు. ఈ చరిత్రలో హైదరాబాదు నగరానికి కూడా చెప్పుకోదగిన స్థానమున్నది.

నేపథ్యం

1869లో సూయజ్ కాలువ ప్రారంభమైన తరువాత ఇంగ్లాండు, భారతదేశాల మధ్య సముద్రమార్గం ఈజిప్టు మీదుగా సాగినది. అందువలన భారతదేశాన్ని నిలుపుకొనుటకు ఈజిప్టుపై అధికారం అవసరమని బ్రిటిషు పాలకులు భావించారు. 1875లో ఈజిప్టు పాలకుడైన ఖెదివ్ ఇస్మాయిల్ వద్దనున్న కాలువ వాటాలను బ్రిటిషు ప్రభుత్వం కొనుగోలు చేసినది. 1882లో కల్నల్ అహ్మద్ ఉరాబీ నాయకత్వంలో "ఈజిప్టు ఈజిప్షియన్లకే" అన్న నినాదంతో తిరుగుబాటు చెలరేగగా బ్రిటిషు సైన్యం దానిని అణచివేసినది. 1882 సెప్టెంబరు 13న తెల్ ఎల్ కబీర్ వద్ద జరిగిన నిర్ణయాత్మక యుద్ధంలో భారతీయ సైనిక దళాలు కూడా పాల్గొన్నాయి. ఆ దండయాత్ర ఖర్చులో కొంత భాగాన్ని భారతదేశపు ఆదాయం నుండే చెల్లించారు.

పాలనాయంత్రాంగం కూడా రెండు దేశాలకూ ఉమ్మడిగానే ఉండేది. 1883 నుండి 1907 వరకు ఈజిప్టును వాస్తవంగా పరిపాలించిన ఎవెలిన్ బేరింగ్ (తరువాత లార్డ్ క్రోమర్) అంతకు ముందు భారత ప్రభుత్వంలో ఆర్థిక సభ్యుడు. ఈజిప్టు నీటిపారుదల శాఖను పునర్వ్యవస్థీకరించిన కోలిన్ స్కాట్-మాన్‌క్రీఫ్ భారతదేశపు కాలువలపై పనిచేసి అనుభవం గడించినవాడు. ఒక దేశంలో ప్రయోగించిన పాలనా పద్ధతులను మరొక దేశంలో అమలు చేయుట చూచిన ఇరుదేశాల విద్యావంతులు, తమ సమస్యలు వేరువేరు కావని గ్రహించసాగారు.

ఓడిపోయిన ఉరాబీని, ఆయన సహచరులను బ్రిటిషువారు సింహళానికి (నేటి శ్రీలంక) ప్రవాసం పంపారు. ఉరాబీ 1883 జనవరిలో కొలంబో చేరి 1901 వరకు ఆ ద్వీపంలోనే ఉన్నాడు. అక్కడి ముస్లిముల విద్యాభివృద్ధికి ఆయన ఇచ్చిన ప్రోత్సాహం 1892లో కొలంబోలో జాహిరా కళాశాల ఏర్పడుటకు తోడ్పడినది. ఆయనతోపాటు ప్రవాసం అనుభవించినవారిలో ఆధునిక అరబ్బీ కవిత్వానికి ఆద్యుడిగా పేరొందిన మహమూద్ సామీ అల్ బారూదీ ఒకడు. 

జమాలుద్దీన్ అఫ్ఘానీ, హైదరాబాదు

ఈ భావ వినిమయానికి ఆద్యులలో ముఖ్యుడు సయ్యద్ జమాలుద్దీన్ అఫ్ఘానీ (1838/39 - 1897). ఈయన తనను ఆఫ్ఘనుడిగా చెప్పుకొన్నప్పటికీ, ఇరాన్‌లోని హమదాన్ సమీపాన గల అసదాబాద్‌లో జన్మించినట్లు నేటి చరిత్రకారులలో అధికులు అంగీకరిస్తున్నారు. ఈయన జన్మతః అరబ్బు కాకపోయినా ఈయన శిష్యవర్గంలో ముఖ్యులు ఈజిప్టు వారు. 1871 నుండి 1879 వరకు కైరోలో నివసించి మొహమ్మద్ అబ్దుహ్, సాద్ జగ్లూల్ వంటి యువకులను ప్రభావితం చేశాడు.

1879 ఆగస్టులో ఈజిప్టు ప్రభుత్వం అఫ్ఘానీని దేశం నుండి బహిష్కరించగా ఆయన భారతదేశం చేరి, నిజాం పాలనలో ఉన్న హైదరాబాదులో సుమారు రెండేళ్ళు గడిపాడు. ఈ కాలంలో ఆయన ముహిబ్ హుసేన్ సంపాదకత్వంలో హైదరాబాదు నుండి వెలువడిన "ముఅల్లిమ్-ఎ-షఫీఖ్" పత్రికకు పారసీక భాషలో వ్యాసాలు రాశాడు. వాటిలో ఒకదానిలో ఆయన ప్రజలను కలిపి ఉంచే బంధాలలో భాషకు గల ప్రాధాన్యాన్ని వివరించాడు. విద్య మాతృభాషలో సాగినప్పుడే జాతి బలపడుతుందని వాదించాడు. తరువాతి కాలంలో ప్రపంచ ముస్లిముల ఐక్యతకు ప్రతినిధిగా పేరుపొందిన వ్యక్తి, హైదరాబాదులో ఉన్నప్పుడు భాషాప్రాతిపదికపై ఏర్పడే జాతీయతను సమర్థించుట గమనించదగిన విషయం.

హైదరాబాదులోనే 1881లో ఆయన ప్రసిద్ధ రచన, భౌతికవాదులపై పారసీక భాషలో రాసిన ఖండన గ్రంథం వెలువడినది. బ్రిటిషు పాలనతో సహకరించాలని బోధించిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అనుచరులను ఉద్దేశించి రాసిన పుస్తకమిది. పైకి ఇది మతపరమైన వాదన వలె కనిపించినప్పటికీ, విదేశీ పాలకులతో రాజీపడే ధోరణిని ఎదుర్కొనుటే దాని ముఖ్యోద్దేశమని పరిశోధకుల అభిప్రాయం. ఈ గ్రంథాన్ని మొహమ్మద్ అబ్దుహ్ 1886లో బేరూత్‌లో అరబ్బీ భాషలోకి అనువదించి ప్రచురించాడు. ఈ విధముగా హైదరాబాదులో పుట్టిన ఒక వాదం అరబ్బు ప్రపంచమంతటా చదువరులను సంపాదించుకొన్నది.

1882లో ఉరాబీ తిరుగుబాటు జరుగుతున్నపుడు అఫ్ఘానీని భారత ప్రభుత్వం కలకత్తాలో నిఘాలో ఉంచినది. ఆ సంవత్సరం నవంబరులో ఆయన కలకత్తా ఆల్బర్ట్ హాలులో విద్యను గురించి ఉపన్యసించాడు. శాస్త్రవిజ్ఞానానికి దేశభేదం గాని మతభేదం గాని లేదని, ప్రాచీన భారతదేశం ప్రపంచానికి గణితాన్ని, తత్త్వశాస్త్రాన్ని అందించిన దేశమని ఆ ఉపన్యాసంలో పేర్కొన్నాడు.

అల్ ఉర్వా అల్ వుత్ఖా

భారతదేశాన్ని విడిచిన అఫ్ఘానీ 1883లో పారిస్ చేరాడు. ఉరాబీ తిరుగుబాటుకు సహకరించి దేశబహిష్కృతుడైన మొహమ్మద్ అబ్దుహ్ అక్కడ ఆయనను కలుసుకొన్నాడు. వీరిద్దరూ కలసి 1884 మార్చి 13న "అల్ ఉర్వా అల్ వుత్ఖా" (దృఢమైన బంధం) అను అరబ్బీ పత్రికను ప్రారంభించారు. ఇది 18 సంచికలు మాత్రమే వెలువడి అదే సంవత్సరం అక్టోబరులో ఆగిపోయినది. బ్రిటిషు అధికారులు ఈ పత్రిక ఈజిప్టులోను, భారతదేశంలోను ప్రవేశించకుండా నిషేధించారు. ఈజిప్టు, భారతదేశాల దుస్థితికి మూలం ఒకటేనని, ఒకచోట బ్రిటిషు అధికారం సడలితే మరొకచోట కూడా సడలుతుందని పత్రిక వాదించినది. తక్కువ కాలమే నడిచినా తరువాతి తరం అరబ్బు రచయితలపై దీని ప్రభావం గణనీయమైనది. ట్రిపోలీ (లెబనాన్)లో విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ పత్రిక పాత సంచికలను చదివిన రషీద్ రిదా, 1898లో కైరోలో "అల్ మనార్" పత్రికను స్థాపించాడు.

అల్ మనార్, నద్వా, అల్ హిలాల్

అల్ మనార్ 1898 నుండి 1935 వరకు రషీద్ రిదా సంపాదకత్వంలో వెలువడినది. దీనికి భారతదేశంలో అరబ్బీ తెలిసిన పాఠకులు ఉండేవారు. వారిలో ముఖ్యుడు ఉర్దూ చరిత్రకారుడు షిబ్లీ నోమానీ (1857 - 1914). షిబ్లీ 1892లో ఇస్తాంబుల్, సిరియా, ఈజిప్టులలో పర్యటించి కైరోలో మొహమ్మద్ అబ్దుహ్‌ను కలుసుకొన్నాడు. 1894లో తన యాత్రాగ్రంథాన్ని ప్రచురించాడు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆయన హైదరాబాదు సంస్థానపు విద్యాశాఖలో పనిచేసి, అనంతరం లక్నోలోని నద్వతుల్ ఉలమా సంస్థ బాధ్యతలు చేపట్టాడు.

ఈ పరిచయాలు పొగడ్తలకే పరిమితం కాలేదు. కైరోలో స్థిరపడిన సిరియా క్రైస్తవ రచయిత జుర్జీ జైదాన్ రచించిన అయిదు సంపుటాల ఇస్లామిక నాగరికతా చరిత్రలో ఉమయ్యద్ వంశపు అరబ్బులకు అన్యాయం జరిగినదని భావించిన షిబ్లీ, అరబ్బీ భాషలోనే ఒక విమర్శ రాశాడు. దానిని అల్ మనార్ ప్రచురించినది. అరబ్బుల చరిత్రను గురించి ఒక భారతీయుడు అరబ్బీలో రాసిన విమర్శను కైరో పత్రిక ప్రకటించుట, ఆనాడు ఈ భావ వినిమయం రెండు వైపులా సాగినదనుటకు నిదర్శనం.

1912లో షిబ్లీ ఆహ్వానంపై రషీద్ రిదా భారతదేశానికి వచ్చి లక్నోలో నద్వా వార్షిక సమావేశానికి అధ్యక్షత వహించాడు. అలీగఢ్, దేవబంద్ విద్యాసంస్థలను కూడా సందర్శించాడు. అదే సంవత్సరం జూలై 13న కలకత్తాలో మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ "అల్ హిలాల్" అను ఉర్దూ వారపత్రికను ప్రారంభించాడు.

ఆజాద్ 1888లో మక్కాలో జన్మించాడు. ఇరాక్, ఈజిప్టు, సిరియా, టర్కీలలో తాను చేసిన పర్యటనను గురించి ఆయన తన ఆత్మకథలో వివరించాడు. అక్కడ కలసిన అరబ్బు, తురుష్క విప్లవకారులు భారతీయ ముస్లిములు జాతీయోద్యమానికి దూరంగా ఉండుటను అర్థం చేసుకోలేకపోయారని, ఆ సంభాషణల వలన తన రాజకీయ విశ్వాసం దృఢపడినదని ఆయన పేర్కొన్నాడు. హిందువులతో కలసి స్వాతంత్ర్యం కొరకు పోరాడుట ముస్లిముల కర్తవ్యమని అల్ హిలాల్ ద్వారా ఆయన ప్రచారం చేశాడు. 1914లో పత్రికా చట్టం క్రింద ధరావతు జప్తు చేయుట వలన ఈ పత్రిక ఆగిపోయినది.

ముస్తఫా కామిల్, గాంధీ

ఈజిప్టు జాతీయ నాయకుడు ముస్తఫా కామిల్ (1874 - 1908) 1900లో "అల్ లివా" దినపత్రికను, 1907లో నేషనల్ పార్టీని (అల్ హిజ్బ్ అల్ వతనీ) స్థాపించాడు. 1906 జూన్‌లో దిన్షవాయ్ అను గ్రామంలో పావురాలను వేటాడుటకు వచ్చిన బ్రిటిషు అధికారులకూ గ్రామస్థులకూ ఘర్షణ జరుగగా, ప్రత్యేక న్యాయస్థానం నలుగురు గ్రామస్థులకు ఉరిశిక్ష విధించినది. శిక్షలను గ్రామస్థుల కళ్ళెదుటనే అమలుపరిచారు. ఈ ఘటనను ముస్తఫా కామిల్ ఐరోపా పత్రికలలో ప్రచారం చేయగా ఈజిప్టు సమస్య ప్రపంచం దృష్టికి వచ్చినది.

కామిల్ 33 ఏళ్ళ వయసులో మరణించినపుడు, దక్షిణాఫ్రికాలో ఉన్న మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ తన "ఇండియన్ ఒపీనియన్" పత్రికలో ఆయన జీవితాన్ని గురించి గుజరాతీలో రాశాడు. కామిల్ ఉపన్యాసం ఒకటి గుజరాతీలో చిన్న పుస్తకంగా కూడా వెలువడినది. 1910 మార్చిలో బొంబాయి ప్రభుత్వం గాంధీకి సంబంధించిన నాలుగు గుజరాతీ ప్రచురణలను నిషేధించినది. అవి హింద్ స్వరాజ్, సర్వోదయ, సోక్రటీసు సంజాయిషీ, ముస్తఫా కామిల్ ఉపన్యాసం. సత్యాగ్రహ సిద్ధాంతానికి మూలమైన గ్రంథం సరసన ఒక ఈజిప్టు దేశభక్తుని ప్రసంగాన్ని కూడా ప్రభుత్వం ప్రమాదకరమైనదిగా పరిగణించుట ఇక్కడ గమనించవచ్చును.

ఐరోపా నగరాలలో పరిచయాలు

స్వదేశాలలో నిర్బంధం పెరుగుటతో ఇరుదేశాల జాతీయవాదులు లండన్, పారిస్, జెనీవా, బెర్లిన్ నగరాలలో కలుసుకొనేవారు. 1910 సెప్టెంబరులో ఈజిప్టు జాతీయవాదులు పారిస్‌లో జరుపదలచిన మహాసభను ఫ్రెంచి ప్రభుత్వం నిషేధించగా దానిని బ్రస్సెల్స్‌కు మార్చారు. ఈ ఉద్యమానికి అప్పటికి నాయకుడు కామిల్ వారసుడైన మొహమ్మద్ ఫరీద్. మేడమ్ భికాజీ కామా వంటి భారతీయ విప్లవకారులు ఈజిప్టు నాయకులతో సన్నిహితంగా మెలిగారు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బెర్లిన్ నగరం ఇట్టి సంబంధాలకు కేంద్రమైనది. అక్కడ పనిచేసిన భారతీయ సంఘానికి నాయకత్వం వహించిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ (1880 - 1937) హైదరాబాదులో జన్మించాడు. ఈయన తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాదు కళాశాల (తరువాత నిజాం కళాశాల) ప్రథమ ప్రధానాచార్యుడు. సోదరి సరోజినీ నాయుడు. మొహమ్మద్ ఫరీద్ కూడా యుద్ధకాలంలో ఐరోపాలోనే ప్రవాసముండి 1919లో బెర్లిన్‌లో మరణించాడు.

1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో జరిగిన సామ్రాజ్యవాద వ్యతిరేక మహాసభలో భారత జాతీయ కాంగ్రెసు ప్రతినిధిగా జవహర్‌లాల్ నెహ్రూ పాల్గొన్నాడు. అల్జీరియాకు సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని మెస్సాలీ హాజ్ ఈ సభలోనే బహిరంగంగా కోరాడు. ఈ సభ ఫలితంగా ఏర్పడిన సామ్రాజ్యవాద వ్యతిరేక సమితి కార్యాలయ నిర్వహణలో వీరేంద్రనాథ్ ముఖ్యపాత్ర వహించాడు.

1919 ఉద్యమాలు, ఖిలాఫత్ వివాదం

1919 మార్చి 8న ఈజిప్టులో సాద్ జగ్లూల్‌ను అరెస్టు చేసి మాల్టాకు పంపగా దేశమంతటా తిరుగుబాటు ప్రబలినది. నెల తరువాత భారతదేశంలో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా సత్యాగ్రహం, ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్ దురంతం జరిగాయి. ఈజిప్టులో జగ్లూల్ నాయకత్వంలోని వఫ్ద్ పార్టీ మిల్నర్ విచారణ సంఘాన్ని బహిష్కరించినది. భారతదేశంలో గాంధీ సహాయ నిరాకరణాన్ని చేపట్టాడు. ఈజిప్టులో ముస్లిములు, కోప్టిక్ క్రైస్తవులు నెలవంక, శిలువ కలసియున్న జెండాతో ఊరేగగా, భారతదేశంలో హిందూ ముస్లిముల ఐక్యత నినాదమైనది. రెండు దేశాల పత్రికలు ఈ పోలికలను గుర్తించి ప్రచురించాయి.

అయితే ఖిలాఫత్ విషయంలో అరబ్బు, భారతీయ ఆలోచనాపరుల మధ్య లోతైన భేదం బయటపడినది. మౌలానా మొహమ్మద్ అలీ, షౌకత్ అలీ, ఆజాద్ ప్రభృతులు తురుష్క సుల్తాను ఖలీఫాగా కొనసాగాలని, అరబ్బు ప్రాంతాలు ఆయన అధీనంలో ఉండాలని కోరారు. కాని 1916లో మక్కా షరీఫ్ హుసేన్ తురుష్కులపై తిరుగుబాటు చేశాడు. అనేకమంది అరబ్బు జాతీయవాదులకు తురుష్క పాలన నుండి విముక్తియే ధ్యేయం. భారతీయులకు సామ్రాజ్యవాద వ్యతిరేకతకు చిహ్నమైనది సిరియా, ఇరాక్ వాసులకు పరాయి అధికారంగా తోచినది.

ఆజాద్ 1920లో ఖిలాఫత్‌పై ఉర్దూలో రచించిన గ్రంథాన్ని ఆయన సహచరుడు అబ్దుర్ రజాక్ మలీహాబాదీ అరబ్బీలోకి అనువదించగా అల్ మనార్ ప్రచురించినది. 1924 మార్చి 3న టర్కీ జాతీయసభ ఖిలాఫత్‌ను రద్దు చేయుటతో వివాదం కొత్త మలుపు తిరిగినది. 1925లో ఈజిప్టు పండితుడు అలీ అబ్దుల్ రాజిక్, ఖిలాఫత్ మతవిధి కాదని వాదిస్తూ గ్రంథం రచించగా అల్ అజ్హర్ విద్యాసంస్థ ఆయన పండిత పట్టాను రద్దు చేసినది.

ఈ భేదాలున్నప్పటికీ భారతీయ సైన్యాన్ని అరబ్బు దేశాలపై ప్రయోగించుట భారతీయ నాయకులకు బాధ కలిగించినది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌ను, పాలస్తీనాను ఆక్రమించిన సైన్యాలలో, 1920లో ఇరాక్ తిరుగుబాటును అణచిన సైన్యంలో భారతీయ సైనికులు పెద్దసంఖ్యలో ఉన్నారు. 1921 జూలైలో కరాచీలో జరిగిన ఖిలాఫత్ సభ బ్రిటిషు సైన్యంలో ఉద్యోగం ముస్లిములకు నిషిద్ధమని తీర్మానించినది. ఇందుకు గాను అలీ సోదరులకు కారాగార శిక్ష పడినది.

టాగూరు యాత్రలు

రవీంద్రనాథ్ టాగూరు రచనలు 1910ల నుండే అరబ్బీలో వెలువడసాగాయి. లెబనాన్ రచయిత వదీ అల్ బుస్తానీ చేసిన "తోటమాలి" అనువాదం వీటిలో ముఖ్యమైనది. ఈ బుస్తానీయే తరువాత మహాభారతాన్ని కూడా అరబ్బీలోకి తెచ్చాడు.

1926 చివరలో టాగూరు ఈజిప్టులో పర్యటించాడు. కైరోలో కవి అహ్మద్ షౌకీ తన ఇంట ఆయనకు విందు చేశాడు. ఈజిప్టు రాజు ఫువాద్ శాంతినికేతనంలోని విశ్వభారతికి అరబ్బీ గ్రంథాలను బహూకరించాడు.

1932లో రాజు ఫైసల్ ఆహ్వానంపై టాగూరు ఇరాక్‌ను దర్శించి బాగ్దాదులో కవి జమీల్ సిద్ఖీ అల్ జహావీ తదితరులను కలుసుకొన్నాడు. ఎడారిలో బెదూయీన్‌ల గుడారాలలో ఆతిథ్యం స్వీకరించాడు. ఆ రోజులలోనే బ్రిటిషు వైమానిక దళం ఇరాక్ గ్రామాలపై బాంబులు వేస్తున్నదని విని, ఆకాశం నుండి చంపువానికి చనిపోయేవారి ముఖం కనిపించదు గనుక ఈ హత్య సులభమగుచున్నదని తన యాత్రాగ్రంథంలో ఆవేదన వెలిబుచ్చాడు. ఇదే కాలంలో కారాగారంలో ఉన్న నెహ్రూ తన కుమార్తె ఇందిరకు రాసిన లేఖలలో ఒకదానిని ఇరాక్‌పై వైమానిక దాడులకే కేటాయించాడు. ఈ లేఖలు తరువాత "గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ" అను పేరుతో ప్రచురితమయ్యాయి. వీటిలో ఈజిప్టు, సిరియా, పాలస్తీనా, అరేబియాల పోరాటాలను గురించి ప్రత్యేక లేఖలున్నాయి.

అరబ్బు ప్రపంచంలో గాంధీ

1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి ఓడలో వెళ్ళుచున్న గాంధీకి సెప్టెంబరులో ఏడెన్‌లో స్వాగతం లభించినది. సూయజ్ కాలువ గుండా పోవుచుండగా వఫ్ద్ నాయకుడు ముస్తఫా నహాస్ పాషా, సాద్ జగ్లూల్ భార్య సఫియా జగ్లూల్ శుభాకాంక్షలు పంపారు. అహ్మద్ షౌకీ గాంధీని స్వాగతిస్తూ ఒక ఖండిక రచించాడు.

గాంధీ ఆలోచనలలో అరబ్బు రచయితలను ఎక్కువగా ఆకర్షించినది స్వదేశీ ఉద్యమం. ఈజిప్టు సామ్యవాద రచయిత సలామా మూసా, కోప్టిక్ కుటుంబంలో జన్మించినవాడు, 1930ల ఆరంభంలో ఈజిప్టు వస్తువులనే వాడాలని ప్రబోధిస్తూ "ఈజిప్షియన్ కొరకు ఈజిప్షియన్" అను సంఘాన్ని స్థాపించాడు. 1934లో గాంధీపై, భారత ఉద్యమంపై ఒక పుస్తకం రాశాడు. జాతీయవాది ఫత్హీ రద్వాన్ గాంధీ జీవితచరిత్ర రచించాడు. గాంధీ హత్య జరిగిన 1948లో సుప్రసిద్ధ రచయిత అబ్బాస్ మహమూద్ అల్ అక్కాద్ ఆయనపై "మహోన్నత ఆత్మ" అను అర్థం వచ్చే పేరుతో గ్రంథం ప్రచురించాడు. అయితే అహింసా సిద్ధాంతాన్ని సంపూర్ణముగా స్వీకరించిన అరబ్బు ఉద్యమాలు అరుదు. వారు గాంధీ నుండి ప్రధానముగా ఆర్థిక బహిష్కారాన్ని, నిరాడంబరతను, మతసామరస్యాన్ని గ్రహించారు.

పాలస్తీనా సమస్య

మౌలానా మొహమ్మద్ అలీ 1931 జనవరి 4న లండన్‌లో మరణించగా, జెరూసలేం ముఫ్తీ అమీన్ అల్ హుసేనీ ఆహ్వానం మేరకు ఆయనను జెరూసలేంలో అల్ అక్సా మసీదు ఆవరణలో ఖననం చేశారు. అదే సంవత్సరం డిసెంబరులో జెరూసలేంలో జరిగిన ప్రపంచ ఇస్లామిక మహాసభకు కవి మొహమ్మద్ ఇక్బాల్, షౌకత్ అలీ హాజరయ్యారు.

1936లో పాలస్తీనా అరబ్బుల తిరుగుబాటు మొదలైన నాటి నుండి భారత జాతీయ కాంగ్రెసు వారికి సానుభూతి తెలుపుతూ తీర్మానాలు చేసినది. 1938 నవంబరు 26న గాంధీ "హరిజన్" పత్రికలో ప్రచురించిన వ్యాసంలో యూదులు జర్మనీలో అనుభవిస్తున్న హింసకు తీవ్ర విచారం వ్యక్తం చేస్తూనే, పాలస్తీనా అరబ్బులకు చెందిన దేశమని అభిప్రాయపడ్డాడు. అరబ్బులు అహింసామార్గాన్ని ఎన్నుకొని ఉంటే బాగుండేదని కూడా రాశాడు. తత్త్వవేత్త మార్టిన్ బూబర్ 1939లో దీనికి సుదీర్ఘమైన జవాబు రాస్తూ, జర్మనీలోని యూదుల పరిస్థితిని దక్షిణాఫ్రికా భారతీయుల పరిస్థితితో పోల్చుట తగదని వాదించాడు. ఈ వాదప్రతివాదాలు నేటికీ చర్చనీయాంశములే.

1938లో నెహ్రూ ఐరోపాకు పోవుచు ఈజిప్టులో నహాస్ పాషాను కలుసుకొన్నాడు. దాని ఫలితంగా 1939 మార్చిలో త్రిపురిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు వఫ్ద్ పార్టీ ప్రతినిధి వర్గం హాజరైనది.

విభజన, స్వాతంత్ర్యం తరువాత

భారత విభజన ప్రశ్న ఈజిప్టు జాతీయవాదులను సందిగ్ధంలో పడవేసినది. వఫ్ద్ పార్టీకి కాంగ్రెసుతో పూర్వపరిచయమున్నది. మతాన్ని బట్టి దేశాన్ని విభజించుట కోప్టిక్ క్రైస్తవులతో కూడిన వఫ్ద్ సిద్ధాంతానికి విరుద్ధం. మరొకవైపు ముస్లిం లీగ్ నాయకుడు మొహమ్మద్ అలీ జిన్నా 1946 డిసెంబరులో లండన్ నుండి తిరిగివచ్చుచు కైరోలో ఆగి అరబ్బు నాయకులకు పాకిస్తాన్ వాదాన్ని వివరించాడు.

1947 మార్చి - ఏప్రిల్ నెలలలో ఢిల్లీలో జరిగిన ఆసియా సంబంధాల మహాసభకు ఈజిప్టు నుండి వచ్చినవారిలో మహిళా ఉద్యమకారిణి కరీమా అల్ సయీద్ ఉన్నారు. పాలస్తీనా యూదు ప్రతినిధులకూ ఈజిప్టు ప్రతినిధులకూ ఈ సభలో వాగ్వివాదం జరిగినది. అదే సంవత్సరం ఐక్యరాజ్య సమితి పాలస్తీనా సంఘంలో భారతదేశం, ఇరాన్, యుగోస్లావియాలు విభజనకు బదులు సమాఖ్య రాజ్యాన్ని సూచించాయి. నవంబరు 29న సర్వప్రతినిధి సభలో భారత, పాకిస్తాన్‌లు రెండూ పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటు వేశాయి. తానే విభజనకు గురైన ఉపఖండం ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం ప్రకటించినది.

విద్యామంత్రిగా ఆజాద్ 1950లో భారత సాంస్కృతిక సంబంధాల మండలిని స్థాపించాడు. ఆ మండలి "సఖాఫతుల్ హింద్" (భారత సంస్కృతి) అను అరబ్బీ పత్రికను ప్రారంభించినది. ఈజిప్టు పండితుడు అబ్దుల్ వహాబ్ అజ్జామ్ ఇక్బాల్ కావ్యాలను అరబ్బీలోకి అనువదించాడు. 1967లో ప్రఖ్యాత గాయని ఉమ్మ్ కుల్సూమ్ ఇక్బాల్ కవితకు అరబ్బీ రూపాన్ని గానం చేయుటతో ఆయన పేరు సామాన్య శ్రోతలకు కూడా పరిచయమైనది.

1955 ఏప్రిల్‌లో బాండుంగ్ మహాసభలో నెహ్రూ, గమాల్ అబ్దుల్ నాసర్ కలసి పాల్గొన్నారు. 1961లో బెల్‌గ్రేడ్‌లో జరిగిన అలీన దేశాల ప్రథమ మహాసభకు ఇద్దరూ ప్రముఖ నిర్మాతలు. అప్పటి నుండి ఈ సంబంధాలు మేధావుల చేతి నుండి ప్రభుత్వాల చేతికి మారాయి.

హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్

ప్రాచీన అరబ్బీ గ్రంథాల పరిష్కరణ, ముద్రణల కొరకు 1888లో హైదరాబాదులో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఈ భావ వినిమయంలో మరొక పార్శ్వం. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ దీని స్థాపకులలో ముఖ్యుడు. ఈ సంస్థ తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంతో అనుబంధించబడినది. అల్ బిరూనీ రచించిన ఖగోళ గ్రంథమైన "అల్ ఖానూన్ అల్ మసూదీ", భారతదేశ వర్ణన గ్రంథం ఇక్కడ ముద్రణ పొందినవాటిలో ఉన్నాయి. ఇది రాజకీయ సంస్థ కాకపోయినప్పటికీ, అరబ్బు పండితులు తమ ప్రాచీన గ్రంథాల కొరకు హైదరాబాదు ప్రతులను ఆశ్రయించుట ఇరుప్రాంతాల మధ్య సమాన స్థాయిని నెలకొల్పినది.

మూల్యాంకనం

ఈ భావ వినిమయానికి కొన్ని పరిమితులున్నాయి. అరబ్బీ, పారసీక, ఉర్దూ భాషలు తెలిసిన వర్గాలలోను, ఇంగ్లీషు, ఫ్రెంచి చదివిన వర్గాలలోను ఇది ఎక్కువగా సాగినది. ఇతర భారతీయ భాషల రచయితలలో టాగూరు, గాంధీ వంటి కొద్దిమంది మాత్రమే అరబ్బు పాఠకులకు పరిచయమయ్యారు. వారి రచనలు కూడా తరచుగా ఇంగ్లీషు ద్వారానే అరబ్బీలోకి వెళ్ళాయి. ఒకరి ఉద్యమాన్ని మరొకరు తమ అవసరాలను బట్టి అర్థం చేసుకొనుట కూడా సాధారణమే. ఖిలాఫత్ వివాదం దీనికి ఉదాహరణ.

అయినప్పటికీ పత్రికల నిషేధం, ప్రవాసం, నిఘా వంటి ఆటంకాల నడుమ ఏడు దశాబ్దాల పాటు సాగిన ఈ సంబంధాల వలన రెండు ప్రాంతాలవారూ తమ బానిసత్వం తమ లోపాల వలన మాత్రమే కలిగినది కాదని, దానికి ప్రపంచవ్యాప్తమైన కారణాలున్నాయని తెలుసుకొన్నారు. అలీనోద్యమానికి అవసరమైన పరస్పర పరిచయం, విశ్వాసం ఈ కాలంలోనే ఏర్పడ్డాయి.

ముఖ్య ఘట్టాలు

1879 - 1882: అఫ్ఘానీ భారతదేశ నివాసం, హైదరాబాదు రచనలు
1883: ఉరాబీ పాషా సింహళ ప్రవాసం ప్రారంభం
1884: పారిస్‌లో అల్ ఉర్వా అల్ వుత్ఖా పత్రిక
1892: షిబ్లీ నోమానీ కైరో యాత్ర
1910: ముస్తఫా కామిల్ ఉపన్యాసపు గుజరాతీ ప్రతిపై బొంబాయి ప్రభుత్వ నిషేధం
1912: లక్నోలో రషీద్ రిదా, కలకత్తాలో అల్ హిలాల్ ప్రారంభం
1924: ఖిలాఫత్ రద్దు
1926, 1932: టాగూరు ఈజిప్టు, ఇరాక్ యాత్రలు
1927: బ్రస్సెల్స్ సామ్రాజ్యవాద వ్యతిరేక మహాసభ
1939: త్రిపురి కాంగ్రెసుకు వఫ్ద్ ప్రతినిధులు
1947: ఢిల్లీలో ఆసియా సంబంధాల మహాసభ
1955: బాండుంగ్ మహాసభ

ఇవి కూడా చూడండి

మౌలానా అబుల్ కలామ్ ఆజాద్
ఖిలాఫత్ ఉద్యమం
వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ
సూయజ్ కాలువ
అలీనోద్యమం